అమ్మడూ, మొదటి బొంతకి 36 ముక్కలు చాలు

అమ్మడూ,

మీ వదినకి పుట్టబోయే బిడ్డకి నీ చేత్తో ముక్కల బొంత కుట్టాలని ఉందన్నావు, వినగానే ఎంత సంతోషమేసిందో. ఫోన్లో చెబితే సగం గుర్తుండదు, అందుకే అంతా రాసి పంపుతున్నాను. నీకు మిషన్ తొక్కడం వచ్చు, తిన్నగా కుట్టు వెయ్యడం వచ్చు. ఈ పనికి అంతకంటే ఎక్కువ రానక్కర్లేదు. నువ్వు పంపిన ఫొటోలో నక్షత్రాలు, త్రికోణాలు ఉన్నాయి చూడు, అవి మాత్రం ఇప్పుడొద్దు. ఏటవాలుగా కోసిన బట్ట చెయ్యి తగిలితేనే సాగిపోతుంది, మొదటిసారి కుట్టేవాళ్ళకి అక్కడే విసుగొచ్చి బొంత మూలన పడుతుంది. నలుచదరం ముక్కలతో మొదలుపెట్టు.

కొలత గజం పొడవు, గజం వెడల్పు, అంటే 36 అంగుళాలు. ముక్క 7 అంగుళాలు కోస్తావు, చుట్టూ అరంగుళం కుట్టులోకి పోతే 6 మిగులుతుంది. వరసకి 6 ముక్కలు, అలాంటి వరసలు 6. వీడియోల్లో పావు అంగుళమే వదులుతున్నారు కదా అంటావేమో, వాళ్ళు వాడేది నేత దట్టంగా ఉన్న కొత్త బట్ట. మనం కలిపే పాత చీరలకీ చేనేత బట్టలకీ అంచుల్లో పోగులు ఊడతాయి, అరంగుళం ఉంటేనే ఉతుకులకి ఆగుతుంది.

బట్ట 44 అంగుళాల పన్నా, అంటే వెడల్పు, ఉంటే ఆరు రకాలు, ఒక్కోటి పావు మీటరు చాలు, అడ్డంగా ఒక పట్టీ తీస్తే 6 ముక్కలు వచ్చేస్తాయి. 36 పన్నా అయితే పట్టీకి 5 ముక్కలే వస్తాయి కాబట్టి అరమీటరు చొప్పున తీసుకో. అన్నీ నూలు బట్టలే ఉండాలి, మందం కూడా ఇంచుమించు ఒకేలా ఉండాలి. బరంపురం పట్టు ముక్క మిగిలిందని మీ అమ్మ ఇస్తే తీసుకుని దాచుకో, దీన్లో కలపకు. ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుని ఇంకొకటి ముడుచుకోకపోతే బొంతంతా బుడిపెలు తేలుతుంది. కొత్త బట్టలన్నీ కొయ్యకముందే విడివిడిగా నానబెట్టి ఉతుకు, గంజి పోవాలి, ష్రింక్ అయ్యేదేదో ముందే అయిపోవాలి. తడి బట్ట మీద తెల్ల గుడ్డతో రుద్ది చూడు. ఎరుపు, నీలం ఎన్నిసార్లు ఉతికినా రంగు వదులుతుంటే ఆ బట్ట వదిలెయ్యి, పసిబిడ్డ నోట్లో పెట్టుకునేది ఇది.

ఇక కోత. బొంత అందమంతా ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. శుభలేఖ అట్టలాంటి గట్టి అట్ట తీసుకుని సరిగ్గా 7 అంగుళాల చదరం కొయ్యి, నాలుగు మూలలూ మూలమట్టంతో చూసుకో. బట్టని ఇస్త్రీ చేసి, అంచు దగ్గర ఒక పోగు పట్టుకుని మెల్లగా లాగు, అది ఊడివచ్చిన చోట సన్నటి గీత పడుతుంది, అదే నీకు తిన్నని దారి. అట్ట అంచు ఆ గీతకి ఆనించి పెన్సిల్‌తో గీసి కొయ్యి. పడుగుకీ పేకకీ సమంగా కోసిన ముక్క సాగదు. ముక్క తగ్గినా కుట్టు పక్కకి జరిగినా ఏమవుతుందో లెక్క చెబుతాను. ఒక్కో కుట్టు అంగుళంలో ఎనిమిదో వంతు లోపలికి పడిందనుకో, రెండు ముక్కల్లో కలిపి పావు అంగుళం తగ్గిపోతుంది. వరసకి 5 కుట్లు, అంటే అంగుళంపావు. పక్క వరస సరిగ్గా కుట్టి ఉంటే ఆ రెండూ ఎలా కలుస్తాయి? అందుకే సూదికి సరిగ్గా అరంగుళం దూరంలో మిషన్ పలక మీద టేపు ముక్క అతికించుకో, బట్ట అంచు దాన్ని ఆనుకునే నడవాలి. సూది చూడకు, టేపు చూడు. సూది కొత్తది వేసుకో, 14 నంబరు సరిపోతుంది.

ముక్కలన్నీ నేల మీద పరుచుకుని చూడు. ఆరు రకాల బట్టలకీ నంబర్లు అనుకుని, మొదటి వరస 1, 2, 3, 4, 5, 6 అని పేర్చి, రెండోది 2తో మొదలుపెట్టి 1తో ముగించు, మూడోది 3తో. అలా పోతే ఏ రంగు పక్కన అదే రంగు పడదు, రంగులు ఏటవాలు చారల్లా కనిపిస్తాయి. నచ్చాక ఫోన్లో ఫొటో తీసి పెట్టుకో, లేకపోతే పిల్లలు ఒక్కసారి పరిగెత్తారంటే మళ్ళీ మొదటికొస్తావు. ముందు ఏ వరసకి ఆ వరస కుట్టెయ్యి. తర్వాత ఇస్త్రీ, ఇది మానకు. మొదటి వరసలో కుట్టు దగ్గరి మడతలన్నీ ఎడమకి, రెండో వరసలో కుడికి, మూడోది మళ్ళీ ఎడమకి. రెండు వరసలు కలిపేటప్పుడు ఆ మడతలు ఎదురెదురుగా ఆనుకుని కూర్చుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది, అక్కడ గుండుసూది గుచ్చి కుట్టు. మూలలు మూలలు కలిసిపోతాయి.

అడుగు భాగానికి మా అమ్మ చీర, అదే మీ నాన్నమ్మ చీర పెట్టు, ఆవిడ నూలు చీరలు ఇక్కడ పర్లాకిమిడిలో పెట్టెలో ఉన్నాయి, బస్సులో మనిషెవరైనా వస్తే పంపుతాను. చీర పన్నా 45 దాకా ఉంటుంది కాబట్టి అతుకు లేకుండానే 42 అంగుళాల చదరం వస్తుంది. ముందు ఫాల్ విప్పి, చీరని వెలుగుకి పట్టి చూడు, బొటనవేళ్ళతో లాగితే చిరిగే చోటుంటే అది లోపలికి పనికొస్తుంది, అడుగుకి కాదు. లోపల కూడా ఆ చీరదే రెండు మూడు పొరలు పరువు. షాపులో అమ్మే ఫైబర్ షీటు మెత్తగా ఉంటుంది గానీ మా వైపు ఉక్కకి బిడ్డకి చెమట పోస్తుంది, మీ జయపురం చలికి మూడు పొరల నూలు చాలు, వానాకాలంలో ఆరడం కూడా తేలిక.

అడుగు చీర తిరగేసి పరిచి, దాని మీద లోపలి పొరలు, పైన ముక్కల బట్ట. మధ్య నుంచి బయటికి చేత్తో సర్దుతూ, జానెడు ఎడంలో తెల్ల దారంతో కచ్చా కుట్లు వెయ్యి. తర్వాత అసలు కుట్టు చేత్తోనే వెయ్యమంటాను. మన ఇళ్ళల్లో ఉండే మామూలు మిషన్ మీద పై పొర ముందుకి జరిగిపోయి ముడతలు పడతాయి. దారం మూరెడే తీసుకో, పొడుగైతే చిక్కులు పడుతుంది. ముడి వేసి చిన్నగా లాగితే పొరల మధ్యకి వెళ్ళిపోతుంది, బిడ్డ ఒంటికి గుచ్చుకోదు. ప్రతి అతుకు పక్కనే పావు అంగుళం ఎడంలో తిన్నగా కుట్టుకుంటూ పో, మధ్య నుంచి మొదలుపెట్టి. కుట్లు సన్నగా లేవని బెంగపడకు, సమంగా ఉంటే చాలు.

అంచుకి వేరే బట్ట అక్కర్లేదు. కుట్టాక లోపలి పొరల్ని పైబట్ట దాకా కత్తిరించి, అడుగు చీరని మాత్రం చుట్టూ అంగుళం ఎక్కువ ఉంచి కొయ్యి. ఆ అంగుళాన్ని సగానికి మడిచి, మళ్ళీ పైకి మడిస్తే పైబట్ట చివరి అరంగుళాన్ని కప్పేస్తుంది. మూలల్లో ముందు కొసని ఏటవాలుగా లోపలికి మడుచు. అద్దాలు, చమ్కీలు, బొత్తాలు, జరీ ఏమీ పెట్టొద్దు. గుండుసూదులు ఎన్ని గుచ్చావో కాగితం మీద రాసి పెట్టుకో, చివర్లో అన్నీ డబ్బాలోకి వచ్చాయో లేదో లెక్క చూడు, కచ్చా దారాలన్నీ లాగెయ్యి, ఒకసారి ఉతికి ఆరేసి అప్పుడివ్వు.

బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టినట్టు అని మీ అమ్మ అనొచ్చు. ఆవిడ మాట కాదనొద్దు. ఇప్పుడు పైబట్ట ఒక్కటే అతికి మడిచి పెట్టుకో, పురుడు అయ్యాక పొరలు కలిపి కుట్టు, బారసాలకి అందిపోతుంది. ఇచ్చేటప్పుడు మీ వదినకి ఒక మాట చెప్పు. ఏడాది నిండేదాకా నిద్రపోయే బిడ్డ దగ్గర దుప్పట్లు, దిండ్లు, బొంతలు ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు, ముఖం మీద పడితే తీసేసుకోలేరు కదా. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఆడించడానికి, నూనె రాసేటప్పుడు కింద పరచడానికి వాడుకోమను, ఎవరో ఒకరు పక్కనే ఉండాలి.

ముందు ఆ అట్ట కోసి, స్కేలు పక్కన పెట్టి ఫొటో పంపు. అది నేను చూసి సరే అన్నాకే బట్ట మీద కత్తెర పెట్టు.

మీ అత్త