సందేహాలు – సమాధానాలు: రిలీఫ్ పిచ్చర్ ఎవరికి ఉపశమనం?

సందేహం: అమెరికాలో ఉంటున్న మా తెలుగువాళ్లలో బేస్‌బాల్ పిచ్చి బాగా ముదిరింది. అక్టోబరు పోస్ట్‌సీజన్ (సీజన్ ముగిశాక కప్పు కోసం జరిగే) మ్యాచ్‌ల గురించి రాస్తూ ఒకరు రిలీఫ్ పిచ్చర్‌ని, అంటే బంతి విసిరే మొదటి ఆటగాడు తప్పుకున్నాక అతని చోట వచ్చేవాణ్ణి, ‘ఉపశమన పిచ్చర్’ అన్నారు. ఇంకొకరు ‘సహాయక పిచ్చర్’ అని దిద్దారు. చివర్లో భారమంతా మోసేవాడు సహాయకుడేమిటి? ‘ఆపద్బాంధవుడు’ అంటే తప్పా? – ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: ఉపశమనం తలనొప్పికీ జ్వరానికీ. నిఘంటువులో మొదట కనబడిన అర్థాన్ని తెచ్చి అతికించడం ఈమధ్య మనకు అలవాటైపోయింది. రేపు ‘బుల్‌పెన్’ని, అంటే రిలీఫ్ పిచ్చర్లు తమ వంతు కోసం కాచుకునే చోటుని, ఎద్దులదొడ్డి అంటారు కాబోలు! ఇక్కడి రిలీఫ్, మన ఆఫీసుల్లో బదిలీ అయినవాళ్లు ‘రిలీవ్ అయ్యాను’ అంటారే, ఆ కోవది. ఒకరు దిగిపోతే ఆ పని ఇంకొకరు అందుకోవడం.

దీనికి తెలుగులో ‘మారు’ అనే చక్కని మాట ఉంది. పాత రాతలో శకటరేఫతో (ఱ) ‘మాఱు’. తమిళంలోనూ దీని తోబుట్టువు ఉంది. ఒకటి పోయి ఆ చోటికి వేరొకటి రావడం దీని మూలార్థం. మారుపేరు, మారుమనువు, మారుతల్లి, కట్టుకోవడానికి మారుబట్ట, అన్నీ ఈ ఇంటివే. నారుమొక్క మారాకు వేసిందని రైతు అంటాడు, మారు వడ్డించమని విస్తరి ముందు కూర్చున్నవాడు అంటాడు. అంతటితో ఆగితే దీన్ని ఇంతగా మెచ్చుకోను. మారుకు ‘ఎదురు’ అనే అర్థం కూడా ఉంది. మారుమాట అంటే ఎదురుమాట. మాఱు, కొను కలిసి ‘మార్కొను’ అయింది, అంటే ఎదిరించడం. తిక్కన యుద్ధపర్వాల్లో వీరులు ఒకరినొకరు మార్కొంటూనే ఉంటారు. ఒకరి చోట నిలబడటం, ఎదుటివాడిని ఢీకొనడం – రెండూ ఒక్క మాటలో ఇమిడాయి. రిలీఫ్ పిచ్చర్ చేసేది సరిగ్గా ఈ రెండు పనులే. ఇలాంటి మాట ఇంట్లో ఉండగా ‘ప్రత్యామ్నాయ’ అని నోరు తిరగని మాట తెచ్చుకుంటాం. (ఒకమారు, పలుమారులులోది ‘సారి’ అనే అర్థం. మన్మథుడైన మారుడు సంస్కృతం, అతనికి దీంతో చుట్టరికం లేదు.)

క్రికెట్ అలవాటుతో ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. క్రికెట్‌లో బౌలర్ కాసేపు ఆగి మళ్లీ బంతి అందుకోవచ్చు. బేస్‌బాల్‌లో మార్చేసిన ఆటగాడు ఆ మ్యాచ్‌లోకి మళ్లీ రాకూడదు. అందుకే మేనేజర్ పిచ్చర్ దగ్గరికి నడిచి వెళ్లి బంతి తీసుకుంటున్నప్పుడు చూసేవాళ్లకు అంత టెన్షన్. 162 మ్యాచ్‌ల సీజన్‌లో చేతులు అరిగిపోకుండా అందరినీ పొదుపుగా వాడతారు. అక్టోబరులో ఆ పొదుపు పనికిరాదు, ఓడితే ఇంటికే. పైగా ఒకే పిచ్చర్‌ని మూడోసారి ఎదుర్కొనేసరికి బ్యాటర్లకు అతని ఎత్తులు తెలిసిపోతాయి. అందుకని మొదటివాణ్ణి త్వరగా తప్పించేస్తారు. మ్యాచ్‌ల మధ్య ప్రయాణానికి సెలవు దొరుకుతుంది కాబట్టి మంచి రిలీఫ్ పిచ్చర్‌ని ఒక మ్యాచ్ తర్వాత ఇంకో మ్యాచ్‌లో మళ్లీ మళ్లీ బరిలోకి దించవచ్చు. న్యూయార్క్ యాంకీస్ జట్టు రిలీఫ్ పిచ్చర్ మరియానో రివేరా పోస్ట్‌సీజన్‌లలో మొత్తం 141 ఇన్నింగ్స్ వేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి (అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి), ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి పోను, సగటున 0.70 పరుగులే ఇచ్చాడు. గట్టెక్కించిన మ్యాచ్‌లు, అంటే వాళ్ల లెక్కలో ‘సేవ్’లు, 42. ఆయన కూడా 2001 వరల్డ్ సిరీస్ (కప్పు తేల్చే ఆఖరి పోటీ) ఏడో మ్యాచ్‌లో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, చేతిలో ఉన్న ఆధిక్యాన్ని అరిజోనాకు వదిలేశాడు. కాబట్టి ‘ఆపద్బాంధవుడు’ బిరుదుగా బాగుంటుంది, ఆ పనికి పేరుగా కాదు. బంధువు ప్రతిసారీ ఆదుకోవాలన్న పూచీ ఏమీ లేదు.

ఇక ‘క్లోజర్’ని, అంటే చివర్లో ఆధిక్యం కాపాడటానికి దిగే రిలీఫ్ పిచ్చర్‌ని, ‘ముగింపు పిచ్చర్’ అనవచ్చా అని రేపు మరో ఉత్తరం వస్తుంది, ఇప్పుడే చెబుతాను. ఆ పేరుతోనే చిక్కు. 2016లో బాల్టిమోర్ జట్టు క్లోజర్ జాక్ బ్రిటన్ 47 సేవ్ అవకాశాల్లో 47 నిలబెట్టాడు. టొరంటోతో వైల్డ్‌కార్డ్ మ్యాచ్ (పోస్ట్‌సీజన్‌లో మొదటిది, ఓడితే అంతే) సమంగా సాగి పదకొండో ఇన్నింగ్స్ దాకా వెళ్లింది. ముందంజ వేశాక దించుదామని మేనేజర్ షోవాల్టర్ అతణ్ణి బుల్‌పెన్‌లోనే అట్టే పెట్టాడు. వేరొకరు వేసిన బంతిని టొరంటో బ్యాటర్ ఎన్‌కార్నాసియోన్ హోమ్ రన్ కొట్టాడు, బాల్టిమోర్ ఇంటికి పోయింది. ముగించేవాడన్న ముద్ర పడ్డాక, ముగింపు ఎక్కడుందో కనబడక మంచి ఆటగాణ్ణి కూర్చోబెట్టారు. రెండేళ్ల ముందు శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకు ఇలాంటి పట్టింపు లేదు. వాళ్ల బమ్‌గార్నర్ అసలు మొదట దిగే పిచ్చర్. 2014 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో రెండు రోజుల విశ్రాంతితోనే మధ్యలో దిగి, అయిదు ఇన్నింగ్స్‌లో పరుగు ఇవ్వకుండా, 3–2తో కప్పు తెచ్చాడు. ఆయన్ని ఏమంటారు? ముగింపా, ఆరంభమా?

కాబట్టి ‘మారు పిచ్చర్’ అనమని నా సలహా. ‘పిచ్చర్’ని అలాగే ఉంచండి, ‘బౌలర్’ని ఉంచుకోలేదా? జనం నోట ఇది నిలుస్తుందో లేదో నేను చెప్పలేను. రిలీఫ్ పిచ్చర్ అనే రాసినా తప్పు పట్టను. ‘సహాయక’ మాత్రం కొట్టేయండి. శకటరేఫ వేయమని పట్టుబట్టను, వేస్తే సంతోషిస్తాను.