టెక్ సందేహాలు: బ్యాటరీ ‘గుడ్’ అట, ఫోనేమో మధ్యాహ్నానికే ఆఫ్!

ఎండలు ముదిరాయంటే చాలు, నాకు వచ్చే మెయిళ్లన్నీ ఒకే పాట పాడతాయి. ఫోన్ కొని మూడేళ్లో నాలుగేళ్లో అయింది, పొద్దున నూరు శాతం పెట్టుకుని బయల్దేరితే భోజనాల వేళకి చార్జర్ వెతుక్కోవాల్సి వస్తోంది, పోయింది బ్యాటరీనా సాఫ్ట్‌వేరా, ఎలా తెలుసుకునేది? ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి విసుగొచ్చింది కాబట్టి ఈ వారం మొత్తం దీనికే. బ్రైట్‌నెస్ తగ్గించండి, లొకేషన్ ఆపండి లాంటివి మళ్లీ చెప్పను, అవి మీకు ఎప్పుడో తెలుసు.

ఖమ్మం నుంచి ఒక టీచర్ గారు: 5000 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) ఫోన్, కొని మూడున్నరేళ్లయింది. 30 శాతం ఉండగానే ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతోంది. నంబర్లు డయల్ చేసే చోట *#*#4636#*#* కొడితే బ్యాటరీ హెల్త్ ‘గుడ్’ అని వచ్చింది. ఎవరో చెప్పిన యాప్ వేస్తే 97 శాతం అంది. మరి ఆఫ్ ఎందుకవుతోంది?

ముందు ఆ ‘గుడ్’ సంగతి తేల్చేద్దాం. ఆండ్రాయిడ్‌లో ఆ చోట కనబడేది బ్యాటరీ ప్రస్తుతం వేడెక్కిందా, వోల్టేజ్ హద్దు దాటిందా, మరీ చల్లబడిందా, లేక పూర్తిగా చచ్చిందా అన్న సమాచారం మాత్రమే. ఇవేవీ లేకపోతే ‘గుడ్’ అని పడుతుంది. కొన్నప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది అన్న లెక్కకీ దానికీ సంబంధమే లేదు. సగం సత్తువ పోయిన బ్యాటరీ కూడా నిక్షేపంగా ‘గుడ్’ అనిపించుకుంటుంది. ఈ కోడ్ పట్టుకుని "అసలు రహస్యం ఇదే" అంటూ వీడియోలు చేసేవాళ్లని ఏమనాలో నాకు తెలియట్లేదు.

ఇక 97. ఇలాంటి యాప్‌లలో నిజాయితీగా పనిచేసేవి కొన్ని ఉన్నాయి. చార్జింగ్ అవుతున్నంతసేపూ లోపలికెళ్లే కరెంటుని లెక్కగట్టి, అన్ని శాతాలకి ఇంత పట్టింది కాబట్టి నూటికి ఇంత అని అంచనా వేస్తాయి. దానికి కనీసం ఓ వారం పది రోజుల చార్జింగ్‌లు చూడాలి. వేసిన నిమిషంలోనే అంకె చూపించిన యాప్ ఏదీ కొలవలేదు, ఊహించింది అంతే. పైగా కొన్ని ఫోన్లలో అసలు కెపాసిటీ అని సిస్టమ్‌లో కంపెనీ రాసిపెట్టిన అంకే తప్పు, దాంతో భాగిస్తే వచ్చే శాతం ఇంకా తప్పు.

30 దగ్గర ఆఫ్ అవడానికి కారణం వేరే. బ్యాటరీ ముసలిదైతే పట్టే చార్జి తగ్గడం ఒక్కటే జరగదు, లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డుపడే గుణం కూడా పెరుగుతుంది. మీరు ఊరికే మెసేజ్ చదువుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, కెమెరా తెరిచి ఫ్లాష్ వేశారనుకోండి, ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఊళ్లో మోటార్ వేయగానే ఇంట్లో బల్బు మసకబారినట్టు బ్యాటరీ వోల్టేజ్ ధబీమని పడిపోతుంది, హద్దు కిందికి దిగిందని ఫోన్ తనని తాను ఆపేసుకుంటుంది. చార్జర్ పెట్టగానే మళ్లీ 28 అని చూపిస్తుంది చూడండి, ఆ 28 అబద్ధం కాదు, కానీ అవసరానికి బయటికి రాదు. మీ ఫోన్ కెమెరా, వీడియో కాల్, ఆటల దగ్గరే ఆఫ్ అవుతుంటే బ్యాటరీ మార్చే టైమొచ్చినట్టే, యాప్ ఏ అంకె చూపించినా సరే.

అంకె కావాల్సిందే అంటే, ముందు సెట్టింగ్స్‌లోనే వెతకండి. ఐఫోన్‌లో బ్యాటరీ విభాగంలో 2018 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో కొన్ని కొత్త మోడళ్లు బ్యాటరీ కింద చూపిస్తాయి, కొన్ని ‘అబౌట్ ఫోన్’లో దాచిపెడతాయి, ఇంకొన్నిట్లో కస్టమర్ కేర్ యాప్‌లో డయాగ్నొస్టిక్స్ అని ఉంటుంది. ఎక్కడా దొరక్కపోతే ఒక యూఎస్‌బీ మీటర్ కొనండి, కొన్ని వందల రూపాయల వస్తువు, చార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టేది. అందులో ఎంఏహెచ్ చూడొద్దు, ఫాస్ట్ చార్జింగ్‌లో వోల్టేజ్ మారిపోతుంటుంది కాబట్టి ఆ అంకె మోసం చేస్తుంది. వాట్-అవర్ చూడండి, అది వోల్టేజ్‌ని కూడా కలుపుకుని చెప్పే శక్తి లెక్క. మీ 5000 ఎంఏహెచ్‌ని 3.85 వోల్టులతో (ఇలాంటి బ్యాటరీల సగటు వోల్టేజ్) గుణిస్తే 19.25 వాట్-అవర్లు, కొత్తలో దాని సత్తా అది. ఫోన్‌ని తనంతట తను ఆఫ్ అయ్యేదాకా వాడి, ఆన్ చేయకుండానే నూరు దాకా చార్జ్ చేయండి. మీటర్ 16 చూపించిందనుకుందాం, అందులో ఎనిమిదో వంతు దాకా వేడిగా, చార్జింగ్ సర్క్యూట్‌లో పోతుంది, మిగిలింది 14. పద్నాలుగుని 19.25తో భాగిస్తే దగ్గర దగ్గర 73 శాతం. ముతక లెక్కే, కానీ 97 అన్న యాప్ కంటే నమ్మొచ్చు. ఇలా పూర్తిగా ఖాళీ చేయడం కొలవడానికి ఒకసారి చాలు, అలవాటు చేసుకోకండి.

80 కిందికి దిగితే మార్చుకోవడం గురించి ఆలోచించండి. 73 అయితే ఆలోచన కూడా అక్కర్లేదు.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: నాన్నగారి ఫోన్‌కి వాట్సాప్‌లో ‘బ్యాటరీ హెల్త్ చెక్’ అని ఒక ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు) వచ్చింది. ఆయన వేసేశారు. ఏవో పర్మిషన్లు అడిగితే ఇచ్చారట. ఇప్పుడు ఫోన్ వేడెక్కుతోంది, ఆ యాప్ ఐకాన్ కూడా కనబడట్లేదు. బ్యాటరీ మార్చాలా?

బ్యాటరీ సంగతి అవతల పెట్టండి. ఇది చదువుతుండగానే ఆ ఫోన్‌లో నెట్, వైఫై రెండూ ఆపేయించండి, సిమ్ తీయించండి. మీ ఫోన్ నుంచి బ్యాంకుకి కాల్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్ చేయించండి. డబ్బు పోయినట్టు ఒక్క మెసేజ్ కనబడినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఉంటుంది.

ఇప్పుడు చెప్తాను, ఏం జరిగి ఉంటుందో. బ్యాటరీ ఎంత ఉందో, ఎంత వేడిగా ఉందో, చార్జింగ్‌లో ఉందో లేదో చదవడానికి ఆండ్రాయిడ్‌లో ఏ పర్మిషనూ అక్కర్లేదు, ప్రతి యాప్‌కీ అది ఉచితంగా దొరికే సమాచారం. కాబట్టి బ్యాటరీ పేరు చెప్పుకుని ఎస్ఎంఎస్ అడిగిందంటే ఓటీపీల కోసం. నోటిఫికేషన్ యాక్సెస్ అడిగిందంటే అదీ ఓటీపీల కోసమే, వేరే దారిలో. ‘డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్’ అడిగిందంటే మీ బ్యాంకు యాప్ మీద తన దొంగ లాగిన్ పేజీ పరచడానికి. అన్నిటికన్నా ఘోరం యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివాళ్లకి స్క్రీన్ చదివి వినిపించడానికి, వేలు కదపలేనివాళ్ల తరఫున బటన్ నొక్కడానికి పెట్టిన సౌకర్యం అది, దొంగ చేతిలో పడితే మీ స్క్రీన్ మీదున్నదంతా చదువుతుంది, మీ బదులు తనే నొక్కుతుంది, ‘అన్‌ఇన్‌స్టాల్’ దగ్గరికి మీరు వెళ్లబోతే వెనక్కి నెట్టేస్తుంది. ఐకాన్ మాయమవడం కూడా వాటి అలవాటే.

ఆండ్రాయిడ్ 13 నుంచి బయట నుంచి వేసిన ఏపీకేకి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని ఒక అడ్డు పెట్టారు. మంచి పనే. కానీ దొంగలు ఏం చేస్తున్నారంటే, యాప్ ఇన్ఫోలోకి వెళ్లి పైనున్న మూడు చుక్కలు నొక్కి ‘అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్’ పెట్టండి అని బొమ్మలేసి మరీ చెప్తున్నారు. మూడు చుక్కలు నొక్కమని ఏ యాప్ అయినా మీకు పాఠం చెప్తుంటే అక్కడే ఆగిపోండి. నాకు నవ్వొచ్చే విషయం ఇంకొకటుంది, ఈ ‘బ్యాటరీ సేవర్’లలో చాలావరకు వేయగానే అడిగేది తమని బ్యాటరీ ఆప్టిమైజేషన్ (వాడని యాప్‌లని ఫోన్ నిద్రపుచ్చే ఏర్పాటు) నుంచి మినహాయించమని. అంటే, బ్యాటరీ కాపాడతానంటూ వచ్చినది, నన్ను మాత్రం రాత్రీ పగలూ నడవనివ్వు అంటోంది.

నాన్నగారి ఫోన్‌కి ఇప్పుడు చేయాల్సింది: మీరు వేసిన యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో ఆన్ చేయండి (పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో అడుగుతుంది), యాక్సెసిబిలిటీలోనూ డివైస్ అడ్మిన్ యాప్స్‌లోనూ తెలియని పేరుంటే తీసేయండి, తర్వాత అన్ని యాప్‌ల జాబితాలోంచి దాన్ని తొలగించండి. నన్నడిగితే అక్కడితో ఆగను, ఫొటోలు, కాంటాక్టులు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తాను. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు వేరే ఫోన్ నుంచి మార్చాకే అందులో మళ్లీ సిమ్ వేయండి. నాన్నగారిని మాత్రం తిట్టకండి. తిడితే ఈసారి జరిగినప్పుడు మీకు చెప్పరు. ఆ లింకు ఏదో ఫ్యామిలీ గ్రూపులోంచో, అపార్ట్‌మెంట్ గ్రూపులోంచో వచ్చి ఉంటుంది, పంపినవాళ్ల ఫోన్ ఇప్పటికే పోయి ఉండొచ్చు, వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి.

నా అసలు కోపం ఇక్కడే. మనుషులు ఇలాంటి యాప్‌ల వెంట ఎందుకు పడుతున్నారు? పది పన్నెండు వేలు పెట్టి కొన్న ఫోన్‌లో వార్తలు, ఆటలు, లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు అన్నీ పెట్టే కంపెనీలకి బ్యాటరీ ఎంత మిగిలిందో ఒక్క లైను రాయడానికి చోటు దొరకలేదు కాబట్టి. ఫోన్ లోపలి చిప్‌కి ఆ లెక్క తెలుసు. ఎన్ని సైకిళ్లు (నూరు శాతం చార్జి మొత్తం వాడితే ఒక సైకిల్) అయ్యాయో ఆండ్రాయిడ్ 14 నుంచి సిస్టమ్ అడగగలదు, కంపెనీ చెప్పనివ్వాలి అంతే. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకి ఒక నిబంధన పెట్టారు, 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం నిలవాలని, బ్యాటరీ పరిస్థితి వాడేవాళ్లకి కనబడాలని. అడిగేవాళ్లుంటే చూపిస్తారన్నమాట. మనకి 2022 డిసెంబరులో రిపేరు వివరాలు ఒకచోట దొరికేలా ప్రభుత్వ రైట్ టు రిపేర్ పోర్టల్ వచ్చింది, సంతోషం, కానీ అంకె చూపించి తీరాలనే షరతు లేదు. చూపిస్తే జనం రెండు వేలు పెట్టి బ్యాటరీ మార్చుకుంటారు, చూపించకపోతే "ఫోన్ పాతబడిపోయింది" అనుకుని కొత్తది కొంటారు, ఇందులో కంపెనీకి ఏది లాభమో లెక్క వేయడానికి మీటర్ అక్కర్లేదు.

కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు: బ్యాటరీ మార్చడానికి షాపుకెళితే లాక్ పిన్ అడిగారు, రెండు గంటల తర్వాత రమ్మన్నారు. ఇవ్వొచ్చా?

వద్దండీ. బ్యాటరీ మార్చడానికి పిన్‌తో పనిలేదు. ఫోన్ ఆన్ అయిందా, చార్జింగ్ తీసుకుంటోందా అన్నది లాక్ స్క్రీన్ మీదే తెలుస్తుంది, మిగతావి మీరొచ్చాక మీ ముందే చూపించమనండి. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ అయినా, మీ బస్టాండ్ పక్క షాపయినా ఇదే మాట. సిమ్, మెమరీ కార్డు తీసి మీ దగ్గర ఉంచుకోండి. కొన్ని ఫోన్లలో ‘రిపేర్ మోడ్’ లేదా ‘మెయింటెనెన్స్ మోడ్’ ఉంటుంది, అది పెడితే మీ ఫొటోలు, యాప్‌లు కనబడకుండా ఖాళీ ఫోన్‌లా తెరుచుకుంటుంది.

కొత్త బ్యాటరీ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, పక్కనే ‘ఆర్’తో మొదలయ్యే నంబర్ ఉండాలి, అది బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడే చూసుకోండి. తయారీ తేదీ కూడా చూడండి, లిథియం బ్యాటరీ అల్మారాలో పడి ఉన్నా వయసు మీద పడుతూనే ఉంటుంది. మీ 5000 ఫోన్‌లో అదే సైజులో 6500 పట్టే బ్యాటరీ ఇస్తానంటే స్టిక్కర్ మాత్రమే 6500. అతికించిన వెనక మూత ఒకసారి తీశాక నీళ్లకి తట్టుకునే గుణం మీద ఆశ వదులుకోండి.

ఉబ్బిన బ్యాటరీ గురించి కూడా ఇదే మెయిల్‌లో అడిగారు. ఫోన్‌ని చదునైన గాజు బల్ల మీద వెల్లకిలా పెట్టి మూల తడితే ఊగుతుందా, స్క్రీన్ అంచున సన్నగా సందు కనబడుతోందా చూడండి. కెమెరా దిమ్మ వల్ల ఊగడం వేరే, నడుం దగ్గర ఎత్తుగా ఉండి గిరగిరా తిరిగితే ఉబ్బినట్టే. చార్జింగ్ ఆపేయండి, ఒత్తి మూత సరిచేయకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో అసలే వేయకండి. ఆ రోజే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

చివరగా చాలామంది అడిగింది: అప్‌డేట్ తర్వాతే బ్యాటరీ పోయింది, ఇకమీదట అప్‌డేట్ చేయకపోతే సరిపోతుందా?

పెద్ద అప్‌డేట్ తర్వాత రెండు మూడు రోజులు ఫోన్ వెనకాల యాప్‌లని, ఫొటోలని సర్దుకుంటుంది, ఎక్కువ తింటుంది, ఓపిక పట్టండి. అసలే బలహీనంగా ఉన్న బ్యాటరీ ఆ బరువుకి బయటపడుతుంది, నింద అప్‌డేట్ మీదికి పోతుంది. అలాగని అనుమానం పూర్తిగా తప్పు కాదు, పాత బ్యాటరీలున్న ఫోన్లని అప్‌డేట్‌తో కావాలనే నెమ్మది చేశామని ఒక పెద్ద కంపెనీ 2017 డిసెంబరులో తనే ఒప్పుకుంది. ఫోన్ ఆఫ్ అవకుండా ఉండటానికే చేశామన్నారు. కావచ్చు. వాడేవాడికి ముందే చెప్పి ఉంటే బ్యాటరీ మార్చుకునేవాడు.

అయినా సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపకండి. బ్యాటరీకి డబ్బు పెట్టే ముందు ‘సెక్యూరిటీ ప్యాచ్’ తేదీ (భద్రతా లోపాల సవరణలు ఎప్పటిదాకా అందాయో చెప్పేది) చూడండి, అబౌట్ ఫోన్‌లో ఉంటుంది. అది ఏడాది రెండేళ్ల వెనకే ఆగిపోయి ఉంటే, కొత్త బ్యాటరీతో ఆ ఫోన్ రోజంతా నడుస్తుంది గానీ బ్యాంకు యాప్ మాత్రం అందులో పెట్టకండి. పాటలకి, పిల్లల పాఠాలకి, వంటింట్లో టైమర్‌కి వాడుకోండి. సిమ్ వేరే ఫోన్‌లో ఉండాలి.