సోలార్ కరెంటు అంత చవకైతే బిల్లు ఎందుకు తగ్గట్లేదు?

ధర పడిపోయిన మాట నిజమే, 2017లో రాజస్థాన్‌లోని భడ్లా సోలార్ పార్కు వేలంలో యూనిట్ 2 రూపాయల 44 పైసలకే పలికింది. కానీ డిస్కంలు, అంటే మనకు కరెంటు పంచే కంపెనీలు, బొగ్గు ప్లాంట్లతో చాలావరకు పాతికేళ్ల ఒప్పందాలు రాసుకున్నాయి, కరెంటు తీసుకోకపోయినా సరే, ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే, అది చివరికి మన బిల్లులోకే వస్తుంది. ఇంకోటి, సాయంత్రం ఏడింటికి ఇంట్లో లైట్లు, టీవీ, ఏసీ అన్నీ ఒకేసారి వేస్తాం. అప్పటికి ఎండ ఉండదు. అసలు ఖర్చు ఇక్కడే, నిల్వ చేయడంలో. కర్నూలు దగ్గర పిన్నాపురం ప్రాజెక్టు అందుకోసమే: పగటి కరెంటుతో నీళ్లు పై రిజర్వాయర్‌కు తోడి, చీకటి పడ్డాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం. నన్నడిగితే ఇప్పుడు కొత్త ప్యానెళ్ల కంటే ఇలాంటి వాటికే ముందు డబ్బు పెట్టాలి. పొలం మోటార్లకు పగలే కరెంటు ఇస్తే ఇంకా మేలు, దానికి నిల్వ ఖర్చే లేదు.