అమ్మాయీ, ఆ ఏడుగురినీ వదులుకోకు

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న నువ్వు ఫోన్లో చెప్పినదాని గురించే రాత్రంతా ఆలోచించాను. నువ్వు పెట్టిన చర్చా గ్రూపుకి మొదటిసారి 30 మంది వచ్చారు, ఐదోసారికి ఏడుగురే మిగిలారు, ఇక ఆపేద్దామా అన్నావు. ఆపకు తల్లీ. వానలో కూడా వచ్చిన ఆ ఏడుగురే నీ గ్రూపు. మిగతావాళ్ళు ఏముందో చూసిపోదామని వచ్చారు, చూసి వెళ్ళారు.

జనాన్ని ఎలా పెంచాలని అడిగావు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఇలాంటిదే పెట్టాడు. అప్పటికి ఆయనకు 21 ఏళ్ళు, అచ్చుపని చేసుకునే కుర్రాడు. ఆ గ్రూపు పేరు జుంటో. 12 మంది శుక్రవారం సాయంత్రాలు కలిసేవాళ్ళు. వంతులవారీగా ఒక్కొక్కరూ చర్చకు ఒక ప్రశ్న తేవాలి, మూడు నెలలకోసారి సొంతంగా రాసిన వ్యాసం చదవాలి. ఎదుటివాడి మాటను మొహాన కొట్టినట్టు ఖండిస్తే చిన్న జరిమానా. తర్వాత సభ్యుల్లో కొందరు తమ స్నేహితుల్ని కూడా చేర్చుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు. మన సంఖ్య 12 దాటొద్దు, మీలో ఒక్కొక్కరూ విడిగా ఇలాంటి గ్రూపు పెట్టండి అన్నాడు. అందరి వల్లా కాలేదు గానీ ఐదారు గ్రూపులు తయారయ్యాయి. మొదటిది దాదాపు 40 ఏళ్ళు నడిచింది.

ఆ 12 అనే అంకె గురించి ఆలోచించు. గంటన్నరలో 12 మందికి తలా ఐదు నిమిషాలు ఇచ్చినా ఇంకో అరగంట మిగులుతుంది. 30 మందికి ఎక్కడ సరిపోతుంది? తన వంతు రానివాడు ఒకటి రెండుసార్లు వింటాడు, మూడోసారి మానేస్తాడు. నీ దగ్గర జరిగింది అదేనని నా అనుమానం.

నేను తెనాలిలో నడిపిన సంఘం గురించి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మొదటి ఏడాది పదిమంది నేలమీద గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. తర్వాత ఒక పెద్దమనిషి ఖర్చంతా భరిస్తానన్నాడు. నేను సరేనన్నాను. దాంతో స్టేజీ వచ్చింది, మైకు వచ్చింది, ముఖ్య అతిథి, శాలువాలు, జ్ఞాపికలు వచ్చాయి. జనం పెరిగారు, కానీ మాట్లాడేది ఇద్దరు ముగ్గురే. పిలుపులు, హాలు, లెక్కలు అన్నీ నేనే చూసుకునేవాణ్ణి. నాకు బదిలీ అయింది. మూడు నెలల్లో సంఘం లేకుండా పోయింది. తాళంచెవి ఎవరికీ ఇవ్వకపోవడం నా తప్పే. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి ఎవరి డబ్బూ తీసుకోకు. టీ ఖర్చు తలా పది రూపాయలు వేసుకోండి, నోటుపుస్తకంలో రాయండి. కుర్చీలు పదే వెయ్యి, గుండ్రంగా వెయ్యి. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం అనుకున్నారుగా, పండగొచ్చినా ముగ్గురే వచ్చినా ఆ రోజు మార్చొద్దు.

చోటు మాత్రం మార్చు. ఊరవతల హాలుకి ఆడపిల్లలు సాయంత్రం వచ్చి వెళ్ళడం కష్టం. మన వైపే 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. చదివేవాళ్ళు ఉన్నచోటికే పుస్తకం వెళ్ళింది. నువ్వు కూడా బస్టాండుకి దగ్గర్లో ఒక గది చూడు, చీకటి పడకముందే ముగించు.

ఇక చర్చాంశాలు. ‘సెల్‌ఫోన్ వరమా, శాపమా’ అని పెట్టావట. అది స్కూల్లో వక్తృత్వ పోటీకి పెట్టే అంశం. అలా అడిగితే అందరూ ఎక్కడో విన్న మాటలే చెబుతారు. ‘ఈ పదిహేను రోజుల్లో రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ పక్కన పెట్టాలని చూశాను, ఏమైంది’ అని అడుగు. అప్పుడు మనిషి తన సంగతి చెబుతాడు. వెళ్ళేముందు ప్రతి ఒక్కరూ తాము చేయబోయే ఒక చిన్న పని పుస్తకంలో రాయాలి. మళ్ళీ కలిసినప్పుడు మొదటి అరగంట దాని గురించే. చేయలేకపోయినవాళ్ళని ఎవరూ ఏమీ అనకూడదు. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండు. సిగ్గుపడ్డ మనిషి మళ్ళీ రాడు.

ఎవరినీ మాట్లాడనివ్వరని నువ్వు చెప్పిన ఆ రిటైరైన బ్యాంకు ఆయన్ని అందరి ముందూ ఆపకు. టీ దగ్గర విడిగా కలిసి, ‘మీరు టైమ్ చూసి పెట్టాలండీ’ అని గడియారం ఆయన చేతికివ్వు. అందరికీ సమానంగా టైమ్ పంచేవాడు తన వంతు దాటడానికి మొహమాటపడతాడు.

కొత్తగా వచ్చినవాళ్ళకి మర్నాడు ఫోన్ చేయించు. నువ్వు చేయొద్దు, ఆ పోటీ పరీక్షల కుర్రాడి చేత చేయించు. వాట్సాప్‌లో సమావేశం కబురు తప్ప ఇంకేదీ పెట్టనివ్వకు.

పన్నెండు మంది అయ్యాక ఇద్దరిని వేరే పేటలో మొదలుపెట్టమను. దానికి ముందు ఒక పని చెయ్యి. వచ్చే నెల రెండో ఆదివారం తాళంచెవి ఆ నర్సమ్మాయికి ఇచ్చి, నువ్వు తెనాలి వచ్చెయ్యి. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి పెడతానంటోంది. ఆ సాయంత్రం సమావేశం అయ్యేదాకా వాళ్ళెవరికీ ఫోన్ చేయొద్దు. అయ్యాక ఎలా జరిగిందో ఆ అమ్మాయే నీకు చెబుతుంది.

మీ పెదనాన్న