పిల్ల బడ్జీ పైకి ఎగరలేకపోతోందా? ముందు రెక్క విప్పి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మూడు వారాల కిందట మా పాప పుట్టినరోజుకి రెండు లవ్‌బర్డ్స్ కొన్నాం. రెండు నెలల పిల్లలని షాపులో చెప్పారు. పచ్చది గదంతా తిరుగుతోంది. నీలంది మాత్రం రెక్కలు టపటపా కొట్టుకుంటుంది గానీ పైకి లేవదు, మంచం మీద నుంచి ధబ్బున కింద పడిపోతోంది. తిండి బాగానే తింటోంది. చేత్తో పైకి ఎగరేస్తూ ఉంటే అదే అలవాటవుతుందని పక్కింటివాళ్లు అంటున్నారు. ఇది పుట్టుకతో వచ్చిన లోపమా? పాపకి ఏమైనా అంటుకుంటుందా?

జవాబు: ముందు ఆ పైకి ఎగరేసే పని పెట్టుకోకండమ్మా. ఎగరలేని పిట్టను విసిరితే అది రొమ్ము ఎముక నేలకు తగిలేలా పడుతుంది, కాళ్లు విరుగుతాయి. నలభై గ్రాములు కూడా ఉండని ప్రాణం అది. మన షాపుల్లో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మేవి చాలావరకు బడ్జీలనే చిన్న జాతి చిలకలే, మీవీ అవే అనుకుంటున్నాను. బడ్జీ పిల్ల ఐదు వారాలకే గూడు వదిలి ఎగురుతుంది కాబట్టి రెండు నెలలకు ఎగరకపోవడానికి ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. పుట్టుకతో వచ్చే లోపం చాలా అరుదు.

కారణం చాలాసార్లు రెక్కలోనే కనిపిస్తుంది. ఫ్యాన్ ఆపి, తలుపులు వేసి, పల్చటి నూలు గుడ్డతో పిట్టను పట్టుకోండి. రొమ్ము మీద మాత్రం నొక్కకండి, పిట్టలు రొమ్మును కదిలిస్తూ ఊపిరి తీసుకుంటాయి, అక్కడ బిగిస్తే ఊపిరాడదు. ఒక్కో రెక్కనూ మెల్లగా విప్పి, చివర ఉండే పది పొడవాటి ఈకలు చూడండి. కత్తెరతో కోసినట్టు అన్నీ ఒకే వరసలో తెగి ఉంటే షాపువాళ్లు రెక్కలు కత్తిరించి అమ్మారన్నమాట. నేను ఎక్కువగా చూసేది ఇదే. తెగిన ఈక పెరగదు, అది రాలి కొత్తది రావాలి. మూడు నాలుగు నెలల వయసులో మొదటిసారి ఈకలు మారతాయి, అప్పటి నుంచి ఒక్కొక్కటే వస్తాయి, పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. తొందరపడి ఆ మొదళ్లు పీకకండి, రక్తం కారుతుంది, ఈక మొలిచే చోటు శాశ్వతంగా పాడవ్వొచ్చు. అప్పటిదాకా పంజరంలో కొమ్మలు కింది వరసలో కట్టి, అడుగున మెత్తటి గుడ్డ పరవండి.

ఈకలు కోసినట్టు కాకుండా రెండు వైపులా రాలిపోయి, తోక ఈకలు కూడా లేకపోతే, రాలిన ఈక కాడలో ఎండిన రక్తం నల్లగా కనిపిస్తే, అది ఫ్రెంచ్ మౌల్ట్ అనే ఈకలు రాలే జబ్బు కావచ్చు. గూడు వదిలే వయసు పిల్లలకు పాలియోమా వైరస్ వల్లో సర్కోవైరస్ వల్లో వస్తుంది. వైరస్‌ను చంపే మందు లేదు. కొన్నింటికి ఈకలు మళ్లీ వస్తాయి, కొన్ని జీవితాంతం నడుస్తూనే బతుకుతాయి. అనుమానం ఉంటే పచ్చదాన్ని ఈరోజే వేరే గదిలోకి మార్చండి, ఈకల పొడితో, రెట్టతో రెండోదానికి అంటుకుంటుంది. ఈ వైరస్‌లు మనుషులకు రావు. ఏది అన్నది పరీక్షలోనే తేలుతుంది.

ఈకలన్నీ బాగానే ఉండి ఒక రెక్క కిందికి వాలి ఉంటే దెబ్బ తగిలినట్టు, అప్పుడు ఆలస్యం చేయకండి. రెండు రెక్కలూ నిండుగా ఉన్నా లేవలేకపోతోందంటే చిన్న పంజరంలోనే పెరిగి కండ బలం లేకపోవడమో, కాల్షియం తక్కువ కావడమో కారణం అవ్వొచ్చు. ఉత్త కొర్రలే పెడితే విటమిన్ ఎ, కాల్షియం అందవు. కొర్రలతో పాటు మునగాకు, తోటకూర, క్యారెట్ తురుము రోజూ కొంచెం పెట్టండి, పంజరానికి కటిల్ బోన్ (కాల్షియం కోసం పిట్టలు కొరికే తెల్లటి సముద్రపు పెంకు) తగిలించండి. ఉదయం ఎండ పావుగంట నేరుగా పడనివ్వండి, కిటికీ అద్దం వెనక ఎండ ఎంతున్నా లాభం లేదు. సగం పంజరానికి నీడ ఉండాలి, మన బెజవాడ ఎండ సంగతి మీకు తెలిసిందే. రెక్కలకు కొబ్బరి నూనె, పసుపు రాయకండి. మన మాత్రలు అరగదీసి అస్సలు పోయకండి.

పిట్ట ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరికి తోక ఊగుతున్నా, తినడం మానేసినా మర్నాటిదాకా ఆగొద్దు. గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, పక్షుల్ని చూసే డాక్టర్ ఎప్పుడుంటారో ముందే కనుక్కుని, గాలి రంధ్రాలున్న చిన్న అట్టపెట్టెలో తీసుకెళ్లండి. బండి మీద పంజరం వేలాడదీసుకుని వెళ్తే దారిలోనే భయంతో సగం ప్రాణం పోతుంది.

పాప విషయానికొస్తే, ఎగరలేకపోవడం అంటుకునేది కాదు. పక్షుల నుంచి మనుషులకు సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావడం మాత్రం నిజం, ఎండిన రెట్ట దుమ్ముతో వస్తుంది. అందుకే పంజరం చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, పాప చేతులు సబ్బుతో కడిగించండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు వస్తే మా ఇంట్లో పిట్టలున్నాయని డాక్టర్‌కి చెప్పండి. రెక్క విప్పి ఫొటో తీసి పంపితే కారణం వీటిలో ఏదో మరికాస్త స్పష్టంగా చెప్పగలను.