డిస్పోజల్ మార్చే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. న్యూజెర్సీలో మీ కొత్త ఇంట్లో మీరు ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్‌లో చెప్పిన విషయం గురించి తీరిగ్గా రాయాలనిపించింది. వంటింటి సింకు కింద ఉన్న గార్బేజ్ డిస్పోజల్, అంటే తిండి మిగుళ్లను నలిపి మురుగు గొట్టంలోకి పంపే యంత్రం, స్విచ్ వేస్తే గుర్రుమని మూలుగుతోందే తప్ప తిరగడం లేదని, కింది అల్మరాలో అడుగు చెక్క తడిసి ఉంటోందని, చూడవచ్చిన ప్లంబరు ఒకసారి తొంగి చూసి మొత్తం యంత్రాన్నే మార్చాలన్నాడని చెప్పావు. అతను చెప్పింది నిజమే కావచ్చు. అయితే మూలగడం, కారడం వేర్వేరు జబ్బులు. మొదటిదాన్ని చాలాసార్లు మనమే పది నిమిషాల్లో నయం చేసుకోవచ్చు. రెండోదాని సంగతి నీరు ఏ చోటి నుంచి కారుతోందో కనిపెట్టిన తరువాతే తేలుతుంది. ఆ చోటు కనిపెట్టకుండా కొత్త యంత్రానికి డబ్బు పెట్టవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. ఈ దేశానికి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్లలో మా ఇంట్లోనూ బంధువుల ఇళ్లలోనూ కలిపి తొమ్మిది డిస్పోజళ్లను నా చేతులతో విప్పి బిగించాను కనుక, అనుభవం మీదనే చెబుతున్నాను.

ఇన్నాళ్లూ మీరు అద్దెకున్న క్వీన్స్ అపార్ట్‌మెంటులో ఈ యంత్రం లేదు. న్యూయార్క్ నగరంలో చాలా ప్రాంతాల్లో 1997 వరకు వీటిమీద నిషేధం ఉండేది, అందువల్ల అక్కడి పాత భవనాల్లో ఇవి తక్కువ. కాబట్టి లోపల ఏముంటుందో ముందు తెలుసుకో. చాలామంది అందులో మిక్సీలో ఉన్నట్టు కత్తులు ఉంటాయనుకుంటారు. ఉండవు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ పట్టణంలో జాన్ హామెస్ అనే భవన శిల్పి 1927లో దీన్ని రూపొందించిన నాటి నుంచి సూత్రం పెద్దగా మారలేదు. అడుగున మోటారుతో తిరిగే ఒక లోహపు పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే రెండు ఉక్కు ముక్కలు, చుట్టూ గోడకు పళ్లు గల ఒక ఉంగరం ఉంటాయి. పళ్లెం వేగంగా తిరుగుతుంటే తిండి ముక్కలు అంచుకు విసిరినట్టు వెళ్లి ఆ ఉంగరానికి ఒరుసుకుని తురుములా అవుతాయి, నీటితో కలిసి గొట్టంలోకి జారిపోతాయి. మన రుబ్బురోలుకు దగ్గరి పని ఇది. ఆ ఉక్కు ముక్కలు వదులుగా ఊగుతున్నాయని చూసి యంత్రం పాడైందనుకోవద్దు, అవి అలా ఊగేటట్టే చేస్తారు.

ఇక మూలుగు సంగతి. మూలుగుతోందంటే మోటారుకు కరెంటు అందుతోంది, పళ్లెం మాత్రం ఎక్కడో ఇరుక్కుంది. మొట్టమొదట స్విచ్ ఆపి, మీ ఇంటి ప్యానెల్‌లో (కరెంటు పెట్టెలో) దానికి కరెంటు ఆపే బ్రేకరు కూడా ఆపు. గోడ స్విచ్ ఒక్కటీ ఆపితే చాలదా అని అడుగుతావు. ఇంట్లో పసిపిల్లవాడు ఉన్నప్పుడు చాలదు. సింకు లోపల చేయి మాత్రం ఎప్పుడూ పెట్టకు, బ్రేకరు ఆపి ఉన్నా సరే. టార్చిలైటు వేసి లోపలికి చూసి, కనిపించిన వస్తువును పట్టకారుతో తీయి. చింతగింజ, మామిడి టెంక ముక్క, సీసా మూత, చెంచా, ఇవే ఎక్కువగా దొరుకుతాయి. తరువాత యంత్రం అడుగున సరిగ్గా మధ్యలో ఒక ఆరుపలకల రంధ్రం ఉందేమో చూడు. అందులో పావు అంగుళం ఎలెన్ రెంచి (వంపు తిరిగిన ఆరుపలకల చువ్వ) పెట్టి అటూ ఇటూ తిప్పుతూ పోతే, ఇరుక్కున్నది వదిలి పళ్లెం పూర్తిగా చుట్టు తిరుగుతుంది. కొన్ని కంపెనీల యంత్రాలకు ఆ రంధ్రం ఉండదు, వాటికి పైనుంచి చీపురుకర్ర దింపి పళ్లేన్ని పక్కకు నెట్టాలి. రెంచి బయటికి తీశాక మోటారు చల్లబడేందుకు పావుగంట ఆగి, అడుగునే ఉండే ఎర్రటి రీసెట్ బటన్ నొక్కు. మోటారు వేడెక్కినప్పుడు కాలిపోకుండా కాపాడేది ఆ బటనే. ఇప్పుడు బ్రేకరు వేసి, చన్నీళ్లు వదిలి, స్విచ్ వేసి చూడు.

మా మొదటి ఇంట్లో ఇది తెలియక నష్టపోయాను. సరిగ్గా నీ యంత్రంలాగే మూలుగుతుంటే, వచ్చిన ప్లంబరు మాటమీద కొత్తది పెట్టించి, పాతదాన్ని గరాజులో పడేశాను. కొన్ని వారాల తరువాత ఊరికే తిరగేసి చూస్తే లోపలి నుంచి ఒక చింతగింజ రాలింది. తీగలు కలిపి చూస్తే ఆ పాత యంత్రం చక్కగా తిరిగింది. ఆ రోజు పడిన బాధ నువ్వు పడకూడదని నా కోరిక.

స్విచ్ వేసినా ఏ శబ్దమూ రాకపోతే అది వేరు సంగతి. అప్పుడు రీసెట్ బటన్, బ్రేకరు, సింకు కింది ప్లగ్గు, ఇవి వరుసగా చూడాలి. రీసెట్ నొక్కిన ప్రతిసారీ కొద్దిసేపు తిరిగి మళ్లీ ఆగిపోతుంటే, లోపల ఏమీ ఇరుక్కోలేదని ఖాయమైతే, మోటారు ముసలిదైందని అర్థం. దాన్ని మార్చడమే మేలు. స్విచ్ వేయగానే ఇంటి బ్రేకరే పడిపోతుంటే మాత్రం ఇక ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలువు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నువ్వు చెప్పిన తడి. డిస్పోజల్ మూడు చోట్ల కారగలదు, ఆ మూడింటిలో రెండు చిన్న మరమ్మతుతో పోయేవి, ఒక్కటి మాత్రం పోనిది. కనిపెట్టే పద్ధతి చెబుతాను, శ్రద్ధగా చదువు. అల్మరా ఖాళీ చేసి, యంత్రాన్ని, గొట్టాలను పొడిగుడ్డతో బాగా తుడిచి, కింద పాత దినపత్రిక పరుచు. సింకు రంధ్రానికి మూత బిగించి, సగం వరకు నీళ్లు నింపి, కేసరిలో వేసే రంగు రెండు చుక్కలు కలుపు. (పసుపు వేయకు, సింకు తెల్లదైతే మరక వదలదు.) యంత్రం వేయకుండా అలాగే ఒక గంట ఉంచు. అప్పుడు యంత్రం పై అంచు చుట్టూ, అంటే అది సింకుకు అతుక్కునే చోట, రంగునీరు కనిపిస్తే లోపం ఫ్లాంజ్ (సింకు రంధ్రానికి బిగించే లోహపు అంచు) దగ్గర ఉంది. ఏళ్ల తరబడి అదురుతూ ఉండడం వల్ల అక్కడి మరలు వదులవుతాయి, నీరు కారకుండా కింద పూసిన ప్లంబర్స్ పుట్టీ అనే మెత్తటి ముద్ద ఎండిపోతుంది. మరలు బిగిస్తే ఒక్కోసారి ఆగిపోతుంది, ఆగకపోతే యంత్రాన్ని దింపి, పాత పుట్టీ గీకేసి కొత్తది పూసి తిరిగి ఎక్కించాలి. కష్టపడాలి గాని ఖర్చు తక్కువ.

అక్కడ పొడిగా ఉంటే మూత తీసి, నీళ్లు పోతుండగా పక్కలు చూడు. డిష్‌వాషర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం ఒకటి, మురుగు బయటికి పోయే వంకర గొట్టం ఒకటి యంత్రం పక్కకు తగిలించి ఉంటాయి. మొదటిదానికి క్లాంపు బిగించడం, రెండోదానికి లోపలి రబ్బరు వాషరు మార్చడం తప్ప పెద్ద పనేమీ ఉండదు. హార్డ్‌వేర్ దుకాణంలో కొన్ని డాలర్లతో అయిపోతుంది.

ఈ రెండు చోట్లా పొడిగా ఉండి, యంత్రం అడుగు నుంచి, ముఖ్యంగా ఆ ఎర్ర బటన్ పక్క నుంచి గాని, ఒంటికి పడిన పగులు నుంచి గాని నీరు చుక్కలుగా రాలుతోందంటే, ఇక దానికి ఆయువు తీరినట్టే. తిప్పే గదికీ మోటారుకీ మధ్య ఉండే సీలు అరిగి, నీరు మోటారు గదిలోకి దిగి కిందికి వస్తోందన్నమాట. ఇంటి వాడకానికి చేసే వీటిని విప్పి సీలు మార్చే వీలు ఉండదు, ఉందని ఎవరైనా చెప్పినా ఆ కూలి డబ్బుకు కొత్తదే వస్తుంది. కరెంటు ఉన్న చోటికి నీరు చేరింది కనుక వెంటనే బ్రేకరు ఆపి, మార్చే దాకా వాడకు. దీనికి వాయిదా పనికిరాదు.

వయసు కూడా చూడు. యంత్రం మీద అతికించిన లేబుల్ మీద మోడల్, సీరియల్ నంబర్లు ఉంటాయి, వాటిని కంపెనీకి చెబితే ఎప్పుడు తయారైందో తెలుస్తుంది. వారంటీ గడువు మోడల్‌ను బట్టి మారుతుంది కనుక అదీ అడుగు. మామూలుగా పదేళ్లు, కాస్త అటూ ఇటూ, ఇవి పనిచేస్తాయి. నేను పాటించే లెక్క ఒకటుంది. ఐదారేళ్లలోపు యంత్రమైతే బయటి మరమ్మతు ఏదైనా చేయిస్తాను. పదేళ్లు దాటి, తొక్కలు నలగడానికి పూర్వం కన్నా ఎక్కువసేపు పడుతూ, నెలకోసారి ఇరుక్కుంటూ ఉంటే లోపలి పళ్ల ఉంగరం అరిగిందని తెలుసుకుని మార్చేస్తాను. మధ్య వయసుదైతే, అడిగిన కూలి కొత్తదాని ధరలో సగం దాటినప్పుడు మరమ్మతు మాట మానుకుంటాను.

మార్చవలసే వస్తే, కట్టినవాళ్లు ఇళ్లలో పెట్టే మూడో వంతు హార్స్‌పవర్ యంత్రం వైపు చూడకు. మన వంటకు ముప్పావు హార్స్‌పవర్, లోపల స్టెయిన్‌లెస్ స్టీలు ఉన్నది తీసుకో. మీ పాతదాని కంపెనీదే కొంటే సింకుకు బిగించిన చట్రం చాలావరకు అదే సరిపోతుంది, పని సగం తగ్గుతుంది. అయితే పెద్ద యంత్రం పొడవు కూడా ఎక్కువ. దాని పక్క గొట్టం గోడలోని మురుగు గొట్టం కన్నా కిందికి దిగితే నీరు నిలిచిపోతుంది, కాబట్టి కొనే ముందు కొలత తీసుకో. బాబు ఇంకా చిన్నవాడు కనుక, మూత పెట్టి తిప్పితేనే నడిచే రకం కూడా దొరుకుతుందని గుర్తుంచుకో, ధర కొంచెం ఎక్కువైనా నీ స్థానంలో నేను అదే కొంటాను. బిగించేటప్పుడు ఒక్క విషయం మరచిపోవద్దు. కొత్త యంత్రంలో డిష్‌వాషర్ గొట్టం తగిలించే మూతికి లోపల ప్లాస్టిక్ బిళ్ల అడ్డుగా ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరుతో కొట్టి ఊడగొట్టి, ఆ ముక్కను బయటికి తీసిన తరువాతే గొట్టం తగిలించాలి. మా తమ్ముడి ఇంట్లో నేను అది తీయలేదు, ఆ రాత్రి డిష్‌వాషర్‌లోని మురికినీరు పోయే దారి లేక వాళ్ల వంటింటి నేల మీదికి వచ్చింది. ఆ రాత్రి మా మరదలు నేల తుడుస్తూ నిలబడిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

యంత్రం పాతదే నిలిచినా, కొత్తది వచ్చినా, అసలు కాపాడవలసింది వాడే తీరులో ఉంది. ఇది చెత్తబుట్ట కాదు, కంచాలు కడిగినప్పుడు మిగిలే నాలుగు మెతుకుల కోసం పెట్టుకున్నది. మన వంటింటిలో దానికి పడనివి చాలా ఉన్నాయి. మునగకాయ పిప్పి, తోటకూర కాడలు, గోంగూర పుల్లలు, అరటి తొక్కలు, కొబ్బరి పీచు, మొక్కజొన్న పొత్తు పొరలు, ఇవన్నీ తాళ్లలా ఆ ఉక్కు ముక్కలకు చుట్టుకుంటాయి. ఉల్లిపొరలు, కరివేపాకు నలగకుండా జారిపోయి గొట్టంలో అడ్డుపడతాయి. మామిడి టెంకలు, ఎముకలు మోటారును నలిపేస్తాయి. అన్నం మెత్తగా ఉంది గదా అని గిన్నెడు పోస్తారు, అదే అన్నిటికన్నా చేటు. నలిగిన అన్నం గంజిలా మారి, ఉబ్బి, వంకర గొట్టంలో జిగురై కూర్చుంటుంది. నూనె, నెయ్యి, పోపు అడుగున మిగిలిన కొవ్వు ఎప్పుడూ పోయకు. ఒక పాత డబ్బాలో పోసి గట్టిపడ్డాక చెత్తలో వేయి. యంత్రం నడిపేటప్పుడు వేడినీరు వద్దు, చన్నీళ్లే వదులు. వేడికి కరిగిన కొవ్వు లోతుగా పోయి గొట్టంలో గడ్డకడుతుంది. శబ్దం తేలికపడిన తరువాత కూడా పావు నిమిషం పాటు నీళ్లు పోనీయి.

వాసన వస్తే చాలామంది నిమ్మతొక్కలు వేస్తారు. తప్పు లేదు, కానీ వాసన ఎక్కువగా వచ్చేది సింకు మూతి దగ్గరి నల్ల రబ్బరు తెర అడుగు భాగం నుంచి. బ్రేకరు ఆపి, ఆ తెర మడతల కింద పాత టూత్‌బ్రష్షుతో సబ్బు వేసి రుద్దు, ఎంత జిడ్డు వస్తుందో నీకే తెలుస్తుంది. నీరు నెమ్మదిగా పోతుంటే దుకాణాల్లో అమ్మే రసాయనాలు పోయకు, అవి రబ్బరు సీళ్లను తింటాయి, తరువాత గొట్టం విప్పేవాడి చేతి మీద పడతాయి. కింద బకెట్టు పెట్టి వంకర గొట్టం విప్పి కడిగితే చాలు. మీ ఇంటికి సెప్టిక్ ట్యాంకు ఉందేమో కాగితాలు చూసి చెప్పు. ఉంటే దీన్ని వీలైనంత తక్కువ వాడాలి, తొక్కలన్నీ పెరట్లో ఎరువు గుంతకు పంపాలి.

వచ్చే శనివారం ఉదయం నేను వస్తాను. రెంచి, పుట్టీ, టెస్టరు నా సంచిలోనే ఉంటాయి, నువ్వేమీ కొనవద్దు. ఈలోపు రంగునీళ్ల పరీక్ష చేసి, తడి కనిపించిన చోటిని, లేబుల్‌ను ఫోటోలు తీసి పంపు. డిష్‌వాషర్ నీళ్లు కూడా ఆ యంత్రం గుండానే పోతాయి కాబట్టి, నేను వచ్చేదాకా గిన్నెలు చేత్తో కడిగి, రాత్రి పడుకునే ముందు అల్మరాలో ఒక బేసిన్ పెట్టు. ప్లంబరుకు ఫోన్ చేసి, సోమవారం చెబుతామని మర్యాదగా చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య