పాండవుల గుట్ట ఎక్కే ముందు

చిరంజీవి రమ్యకు, పెద్దబాపు ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను చూశాను. పొద్దున ఏకశిల గుట్ట, మధ్యాహ్నం పాండవుల గుట్ట, సాయంత్రం రామప్ప. కాగితం మీద బాగానే ఉంది గానీ బండ మీద కుదరదు బిడ్డా. పన్నెండింటికి ఎక్కడం మొదలుపెడితే నెత్తిన ఎండ, కాళ్ల కింద సెగ. అలిసిపోయి దిగేవేళకు వెలుతురు ఉండదు, డిసెంబరులో అయిదు నలభై దాటితే పొద్దు కూకినట్టే. వరుస మార్చు, పొద్దున పాండవుల గుట్టే పెట్టుకో. వరంగల్ నుంచి పరకాల, రేగొండ మీదుగా రావులపల్లి వైపు సుమారు యాభై కిలోమీటర్లు. అయిదున్నరకు బయల్దేరితే ఏడు, ఏడున్నరకల్లా గుట్ట మొదట్లో ఉంటారు. పదకొండుకల్లా కిందికి దిగాలి. పైన ఎంత చూడాలన్నది ఆ లెక్కను బట్టే.

ఏకశిలను అంతకు ముందటి ఆదివారానికి పెట్టుకోండి. పాండవుల గుట్టకు వేసుకునే బూట్లు, మోసే బ్యాగు, నిండు నీళ్ల సీసాలతోనే ఎక్కండి. మడమ ఒరుసుకుంటే అక్కడే తెలిసిపోతుంది. కాలిగోళ్లు ముందే కత్తిరించుకోండి, దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుకు గుద్దుకుని నల్లబడతాయి. ఏకశిల కోసం ఎట్లాగూ వరంగల్ కోటలోకి పోతారు కాబట్టి కీర్తి తోరణాల దగ్గర ఫోటోలతోనే ఆగకండి. రాతికోట ద్వారంలో నడిచి చూడండి. దారి తిన్నగా లోపలికి పోదు, మలుపు తిరుగుతుంది. దండు ఒక్క ఊపులో లోపలికి దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. గోడలో రాయికీ రాయికీ మధ్య సున్నం కోసం వెతకండి, దొరకదు.

రెండు గుట్టలూ ఒక తీరువి కావు. ఏకశిల గ్రానైటు. వాన వెలిసి ఎండ వస్తే కొన్ని గంటల్లో ఆరుతుంది. నీళ్లు జారిన నల్లచారల మీద మాత్రం కాలు పెట్టొద్దు, ఎండినట్టు కనిపించినా పాచి జారుతుంది. గ్రానైటు ఉల్లిపొరల్లా ఊడుతుంది, మడమతో తడితే బోలు చప్పుడు వచ్చే పలకను నమ్మొద్దు.

పాండవుల గుట్టది ఇసుకరాయి. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడ్డది. నీళ్లు పీలిస్తే ఆ అతుకు బలం తగ్గుతుంది. పైన ఆరినా లోపల తడి మిగులుతుంది. అందుకే పెద్ద వాన పడితే రెండు రోజులు ఆగి పోవాలి. దీని అంచులు పెళుసు. చేత్తో పట్టుకునే రాతిని ముందు అరచేత్తో కొట్టి చూసి, కిందికి నొక్కుతూ పట్టుకోండి. బయటికి లాగితే చేతికే ఊడొస్తుంది. ఇంకొకటి, రాయి అరిగి రాలిన సన్న ఇసుక వాలుబండల మీద పరుచుకుని ఉంటుంది. ఎక్కేటప్పుడు అది తెలియదు, దిగేటప్పుడు కాలు సర్రున పోతుంది. బూటుతో ఊడ్చి అడుగు వెయ్యండి.

ప్రమాదాలు ఎక్కువగా దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు కన్ను పైన ఉంటుంది, చేతులు సాయం చేస్తాయి. దిగేటప్పుడు కాలు పెట్టే చోటే కనపడదు. ఏ గుండు ఎక్కే ముందైనా వెనక్కి తిరిగి, దీన్ని ఎట్లా దిగుతామని చూసుకోండి. జవాబు దొరక్కపోతే ఎక్కొద్దు. నిటారు చోట ముఖం రాతివైపు తిప్పి, రెండు కాళ్లూ రెండు చేతుల్లో మూడు ఆనుకున్నాకే నాలుగోది కదపండి. దారి చీలిన ప్రతి చోటా ఆగి వచ్చిన వైపు ఫోటో తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఆ చోటు వేరేగా కనిపిస్తుంది. మీరు అనుకున్న పదిమంది ఎక్కువే. ఆరుగురు చాలు. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లను రెండో స్థానంలో పెట్టండి, చివర దారి తెలిసినవాళ్లుండాలి.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. పైన దోనెల్లో, అంటే రాతి గుంటల్లో, కనిపించే నీళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. సగం నీళ్లు అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే. సర్వపిండి, పల్లిపట్టీలు, బత్తాయిలు చాలు. బిర్యానీ పొట్లాలు గుట్ట కిందే, దిగినాక. ఎవరికైనా తల తిరిగి, ఒంటికి చెమట ఆగితే వడదెబ్బే. నీడకు చేర్చి, బట్టలు తడిపి విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి.

చరియల కింద పెద్దతేనె తుట్టెలు ఉంటాయి. సెంట్లు, పొగ, డ్రోన్లు, కేకలు ఏవీ పనికిరావు. ఈగలు లేస్తే చేతులు ఆడించకుండా ముఖం కప్పుకుని వచ్చిన బాటనే దూరం పోవాలి. ముల్లును గోటితో వెంటనే గీకెయ్యండి. కనపడని సందులో చెయ్యి పెట్టొద్దు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం లేదు. కరిచిన భాగం కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చడమే. కొత్తగా తవ్విన చెదపుట్ట, పండ్ల గింజలతో నిండిన పెంట కనిపిస్తే ఎలుగు తిరిగే చోటు, ఆ గుహ జోలికి పోకండి.

ఇక బొమ్మలు. 1990లో బయటపడ్డ ఆ రాతి చిత్రాల కోసమే పోతున్నారు కాబట్టి తొందర పడొద్దు. నీడలోకి పోగానే ఏమీ కనిపించదు. అయిదు నిమిషాలు కూచుంటే కళ్లు అలవాటుపడి ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు ఒక్కొక్కటే తేలతాయి. అడవిదున్న, జింక, చిరుత, విల్లు పట్టిన మనిషి. అన్నీ ఒక్క కాలానివి కావు, పాండవుల బొమ్మలు చాలా తర్వాత వేసినవి. ఫోటోలో రంగు బాగా రావాలని నీళ్లు చల్లేవాళ్లుంటారు, మీ గుంపులో ఒక్కరినీ చల్లనియ్యొద్దు. ఆ నీళ్లు ఆరుతూ రాతిలోని ఉప్పును పైకి తెస్తాయి, బొమ్మ మీద తెల్లపొర కడుతుంది. వేలితో చూపించినా తాకకుండా చూపించండి, చేతి జిడ్డు పోదు.

దిగి తిన్నాక గణపురం మీదుగా పాలంపేట పోండి. రామప్ప గుడి 1213 నాటిది, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా తీరిగ్గా చూడొచ్చు. చెప్పులు బయట విడవాలి, రాతి పరుపు కాలుతుంది. ఒక జత పొడి మేజోళ్లు బ్యాగులో వేసుకో.

ఇట్లు,
మీ పెద్దబాపు